పద్నాలుగో మడత

కొలకలూరు,
జూలై 7.

బాపట్ల కాగితపు బొమ్మల పోస్టల్ శిక్షణ కేంద్రం మేనేజరు గారికి,

కొలకలూరు నుంచి వెంకటస్వామి నమస్కారాలు. తమరు నన్ను ఎరగరు, నేనూ తమర్ని ఎరగను. తెనాలి స్టేషను దగ్గర పాత పుస్తకాల బండి మీద తమరి పాఠాల పుస్తకం దొరికింది. వెనక అట్ట మీద అడ్రసు చూసి రాస్తున్నాను. ఫోను నంబరు కూడా ఉంది గాని దానికి అయిదే అంకెలు. చేస్తే ఫోనులో ఎవరో ఆడమనిషి హిందీలో ఏదో చెప్పి పెట్టేసింది.

నా సంగతి చెబుతాను. తెనాలిలో ఒక చీరల షాపులో నలభై ఒక్క ఏళ్ళు పనిచేశాను. పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించడం, మళ్ళీ మడత పెట్టడం నా పని. మొన్న ఉగాదికి షాపు మార్చేశారు. చీరలన్నీ హ్యాంగర్లకు వేలాడదీశారు. వచ్చినవాళ్ళు వాళ్ళే తీసి చూసుకుంటారట. మడత పెట్టే పని లేదు కనుక మడత పెట్టే మనిషీ అక్కర్లేదన్నారు. శాలువా కప్పారు. దాన్నీ నేనే మడత పెట్టుకుని తెచ్చుకున్నాను.

ఇంట్లో నేనొక్కడినే. పొద్దున్నే క్యారేజీ కట్టుకోవడం, తొమ్మిదింటి బస్సు టైముకి స్టాపులో కూర్చోవడం మాత్రం మానలేకపోతున్నాను. బస్సు ఎక్కను. కూర్చుంటాను, అంతే. కండక్టరు మొదట్లో "ఎక్కవా బాబాయ్?" అని అడిగేవాడు. ఇప్పుడు అడగడం మానేశాడు.

తెనాలి నుంచి వచ్చి మా ఊళ్ళోనే వెనక్కి తిరిగే ఆ బస్సులోనే మా ఊరి బడి హెడ్మిస్ట్రెస్ కనకదుర్గ గారు దిగుతారు. ఆవిడది రేపల్లె. నా చేతి మీదుగా చీరలు కొన్న మనిషే. ఒకరోజు ఆగారు.

"ఏంటి బాబాయ్ గారూ, రోజూ కూర్చుంటారు, ఎక్కరు?"

"అలవాటండి" అన్నాను.

"శనివారం పిల్లలు పుస్తకాల సంచులు తీసుకురారు. ఆ రోజు చేతిపనులు నేర్పమని పైనుంచి ఆర్డరు. నేర్పే మనిషి లేరు. మీకు మడతలు వచ్చుగా, కాగితాలు మడిచి బొమ్మలు చేయడం నేర్పుతారా? ఆగస్టు ఆఖరి శనివారం ఒక పీరియడ్ చెప్పి చూపించండి. బాగుంటే ఇక ప్రతి శనివారం రండి" అన్నారు.

ప్రతి శనివారం వెళ్ళడానికి నాకొక చోటు ఉంటుంది. కాబట్టి నేర్చుకోక తప్పదు. పుస్తకం చూసి కొంగను చేశాను. ఇందులో పెడుతున్నాను. తప్పొప్పులు చూసి రాయగలరు.

తమరి కొత్త విద్యార్థి,
వెంకటస్వామి.

తా.క.: ఆరు జవాబులకి సరిపడా స్టాంపులు పెట్టాను. అన్నీ ఒకే ఉత్తరంలో చెప్పేయవద్దు.

*

కాగితపు బొమ్మల పోస్టల్ శిక్షణ కేంద్రం, బాపట్ల.
ఇన్‌వర్డ్ నం. 1
జూలై 14.

శ్రీ వెంకటస్వామి గారికి శిక్షణ విభాగం తెలియజేయునది:

మీ లేఖ అందినది. రిజిస్టరులో నమోదు చేయడమైనది. లేఖతో పాటు నాలుగు మడతలు వేసిన ఖాళీ కాగితం ఒకటి వచ్చినది. కొంగ రాలేదు. కవరు చింపి చూడడమైనది, దులిపి చూడడమైనది. పోస్టాఫీసుకి వెళ్ళి, కొంగ ఏదైనా జారి పడిందా అని కౌంటరులో విచారించడమైనది. వారు సరిగా జవాబు చెప్పలేదు. ఆ ఖాళీ కాగితం దరఖాస్తు కోసం పెట్టి, రాయడం మరిచిపోయారని పరిశీలన విభాగం అభిప్రాయపడుతున్నది.

కేంద్రంలో మొత్తం ఏడు విభాగాలు గలవు. మీరు వేటికీ భయపడనవసరం లేదు.

కొత్తగా నేర్చుకునేవారు మొదట పెద్ద కాగితం తీసుకోవాలి. నాలుగు పక్కలూ సమానంగా ఉండాలి. మొదటి మడత వెంట్రుకవాసి తప్పినా చివరికి కొంగ కుంటుతుంది. రోజుకో కొత్త బొమ్మ చేయరాదు. ఒకే బొమ్మను పదిసార్లు చేయాలి. మరల కొంగను పంపగలరు.

శిక్షణ విభాగం తరఫున,
(సంతకం అర్థం కాకుండా ఉంది)

తా.క.: క్యారేజీ కట్టుకుంటానన్నారు. అందులో ఏమి పెట్టుకుంటారో రాయలేదు. ఇది ఏ విభాగమూ అడిగిన ప్రశ్న కాదు.

*

కొలకలూరు,
జూలై 19.

శిక్షణ విభాగం వారికి, వారి ద్వారా మిగిలిన ఆరు విభాగాల వారికి వెంకటస్వామి నమస్కారాలు.

ఖాళీ కాగితం అన్నారు. అదేనండి కొంగ.

మా షాపు పద్ధతి తమరికి తెలియదు. చీర విప్పి చూపిస్తాం. నచ్చలేదంటే ఎక్కడి మడత మీద అక్కడ మడిచి, అలమరలో పెట్టి, అప్పుడు రెండోది తీస్తాం. విప్పింది విప్పినట్టు వదిలేస్తే ఓనరు ఊరుకోరు. నేను కొంగను చేశాను. అటూ ఇటూ తిప్పి చూశాను. బాగుంది. చూడడం అయింది కదా, విప్పి మడత పెట్టి కవరులో పెట్టాను. నేననుకుని చేయలేదు. చెయ్యి చేసేసింది.

నా కొంగ కోసం పోస్టాఫీసుకి వెళ్ళి అడిగారని చదివి సిగ్గుపడ్డాను. నా కోసం ఎవరైనా ఎక్కడికైనా వెళ్ళి అడిగి చాలాకాలమైంది.

ఈసారి పడవ పంపుతున్నాను. కవరులో పెట్టేటప్పుడు కుడిచెయ్యి విప్పబోయింది. ఎడమచేత్తో పట్టుకున్నాను.

క్యారేజీలో పెరుగన్నం, మాగాయ. పదకొండింటికి స్టాపులోనే తినేసి ఇంటికి వచ్చేస్తాను. ఏ విభాగానికి కావాలో వారికి చెప్పగలరు.

చెయ్యి అదుపులో లేని విద్యార్థి,
వెంకటస్వామి.

తా.క.: ఈ పల్చటి కాగితాలు చీరల పెట్టెల్లో వచ్చేవి. షాపువాళ్ళు పారేస్తుంటే తెచ్చుకున్నాను. నలభై ఒక్క ఏళ్ళకి నాకు మిగిలినవి ఇవీ, శాలువా. శాలువా మీద నేర్చుకుందామంటే అది చదరంగా లేదు.

*

కాగితపు బొమ్మల పోస్టల్ శిక్షణ కేంద్రం, బాపట్ల.
ఇన్‌వర్డ్ నం. 2
జూలై 26.

వెంకటస్వామి గారికి కేంద్రం నమస్కరించి తెలియజేయునది:

మీ పడవ వచ్చినది. కవరు తెరవగానే దానంతటదే విచ్చుకున్నది. శిక్షణ విభాగం దాన్ని టోపీ అన్నది. పరిశీలన విభాగం చేప అన్నది. రికార్డుల విభాగం ఏమీ అనలేదు. ఆ విభాగానికి అనే అలవాటు లేదు.

దోషం ఎక్కడున్నదో కనుక్కోవడమైనది. మీరు మడతని నొక్కడం లేదు. కాగితం మడిచాక బొటనవేలి గోటితో ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి గట్టిగా గీయాలి. అప్పుడే నిలబడుతుంది. ఆఫీసులో కవరు అంటించి గోటితో గీస్తారు చూడండి, అలా.

మీ మొదటి కాగితాన్ని మరల బయటికి తీసి ఎండకి పట్టి చూడడమైనది. గీతలు కనబడీ కనబడనట్టు ఉన్నవి. వాటి వెంటే మడుచుకుంటూ పోగా పుస్తకంలోని పదమూడో మెట్టు దాకా వచ్చినది. ఒళ్ళు వచ్చినది, రెక్కలు వచ్చినవి, తల రాలేదు. పద్నాలుగో మెట్టు మీరు చేశారా? చేస్తే ఎలా చేశారు? ఇది మీకు పరీక్ష.

కేంద్రం తరఫున,
శిక్షణ, పరిశీలన విభాగాలు.

తా.క.: పదకొండింటికే తినేస్తే మధ్యాహ్నం ఆకలి వేయదా అని ఆరోగ్య విభాగం అడుగుతున్నది. కేంద్రంలో ఆరోగ్య విభాగం ఈ వారమే ప్రారంభమైనది.

*

కొలకలూరు,
ఆగస్టు 4.

అన్ని విభాగాల వారికీ, కొత్తగా వచ్చిన ఆరోగ్య విభాగం వారికీ వెంకటస్వామి దండాలు.

గోటితో నొక్కమన్నారు. నాకు గోళ్ళు లేవు. మా పనిలో గోరు పెంచకూడదు, పట్టు పోగు లేస్తుంది. పాత ఓనరు గారు ప్రతి సోమవారం మా చేతులు చూసేవారు. చీరని మడిస్తే గీత పడకూడదు. గీత పడితే అక్కడ జరీ విరుగుతుంది. నలభై ఒక్క ఏళ్ళు గీత పడకుండా మడత పెట్టి జీతం తీసుకున్నాను. ఇప్పుడు తమరు గీత పడేట్టు మడవమంటున్నారు. సరే.

కుడి బొటనవేలి గోరు పెంచుతున్నాను. పక్కింటి సామ్రాజ్యం చూసింది.

"ఏంటి అన్నయ్యా, ఒక్క గోరే పెంచుతున్నావు, మొక్కా?" అంది.

"కొంగ కోసం" అన్నాను.

ఆ రోజు నుంచి తన కోళ్ళని మా దొడ్లోకి రానివ్వడం లేదు.

పద్నాలుగో మెట్టు అడిగారు. నా పుస్తకంలో పదమూడు తర్వాత పదిహేను ఉంది. మధ్యలో పేజీ లేదు, పాత పుస్తకం కదా, ఎవరో చింపుకున్నట్టున్నారు. నేను పంపిన కొంగకీ తల లేదు. ఎలాగూ విప్పేస్తాం కదా అని ఊరుకున్నాను. తమరి దగ్గరున్న పుస్తకంలో చూసి రాయండి.

ఇంకొక చిక్కు వచ్చింది. "నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ ఏదన్నా తెచ్చుకోండి బాబాయ్ గారూ, పైవాళ్ళు అడిగితే చూపించాలి" అని కనకదుర్గ గారు అన్నారు. అది లేకపోతే శనివారాలు లేనట్టే. అందుకని పద్నాలుగో తేదీ గురువారం నేనే బాపట్ల వస్తున్నాను. తల ఎలా చేయాలో కళ్ళారా చూసి, సర్టిఫికెట్ తీసుకుని, సాయంత్రం బండికి వెళ్ళిపోతాను.

త్వరలో కలుసుకోబోతున్న,
వెంకటస్వామి.

తా.క.: సిబ్బందికి స్వీట్లు తెస్తాను. ఏడుగురేనా, ఆరోగ్య విభాగంతో ఎనిమిదా?

*

కాగితపు బొమ్మల పోస్టల్ శిక్షణ కేంద్రం, బాపట్ల.
ఇన్‌వర్డ్ నం. 3, అత్యవసరం
ఆగస్టు 9.

వెంకటస్వామి గారికి అన్ని విభాగాలూ కలిసి తెలియజేయునది:

మీరు రావలసిన అవసరం లేదు. ఆ గురువారం కేంద్రానికి సున్నం వేయిస్తున్నాము. సిబ్బంది అందరూ రేపల్లె క్యాంపుకి వెళ్ళుచున్నారు. డైరెక్టరు గారూ వెళ్ళుచున్నారు. తలుపుకి తాళం వేసి ఉంటుంది. సున్నం వేసేవాళ్ళు లోపల ఉంటారు.

సర్టిఫికెట్ తుది పరీక్ష తర్వాత ఇవ్వబడును. తుది పరీక్ష తేదీని పరీక్షల విభాగం నిర్ణయించును. పరీక్షల విభాగం కూడా క్యాంపులోనే ఉంటుంది.

పద్నాలుగో మెట్టును విద్యార్థి తానే కనుక్కోవాలని కేంద్రం ఉద్దేశం. మీరు కనుక్కున్నాక రాస్తే సరిచూడబడును.

తొందరలో,
అన్ని విభాగాలు.

తా.క.: పన్నెండు గంటల తర్వాత సున్నం వాసన కొంచెం తగ్గుతుంది.

*

కొలకలూరు,
ఆగస్టు 16.

కేంద్రం డైరెక్టరు గారికి స్వయంగా అందవలసిన ఉత్తరం. వెంకటస్వామి రాస్తున్నాడు.

తమరు రావద్దని రాసిన ఉత్తరాన్ని పోస్ట్‌మ్యాన్ శాలేమురాజు నేను రైలెక్కాక మా గుమ్మంలో వేశాడు. తిరిగి వచ్చాక చదివాను. అప్పటికి బాపట్ల వెళ్ళి రావడం అయిపోయింది.

సున్నం వేసిన జాడ ఏమీ లేదు. అరుగు మీద ఒకావిడ కూర్చుని కాగితం మడుస్తోంది. నన్ను చూసి కాగితం పమిట కింద పెట్టుకుంది.

"కేంద్రం ఇదేనాండి?" అన్నాను.

"ఇదేనండి. ఎవరూ లేరండి. అందరూ క్యాంపుకి వెళ్ళారు."

"మరి మీరు?"

కాసేపు ఆలోచించింది. "నేను ఆయానండి" అంది.

"సున్నం వేసేవాళ్ళేరమ్మా?"

"వాళ్ళు కూడా క్యాంపుకే వెళ్ళారండి" అంది.

మంచినీళ్ళు అడిగితే ఇచ్చింది. లేచినప్పుడు పమిట కిందది కింద పడింది. చూస్తే కొంగ. పదమూడు మెట్లు శుభ్రంగా వచ్చాయి. తల దగ్గరికి వచ్చేసరికి కొసని పైనుంచి వంచేసింది. మెడ విరిచిన కోడిలా ఉంది.

"అలా వంచితే రాదమ్మా" అన్నాను.

"మరెలా వస్తుందండి?" అంది. నాకూ తెలియదు. చేతిలోకి తీసుకుని చూశాను. కొస దగ్గర కాగితం రెండు పొరలుగా ఉంది. జాకెట్టు ముక్కని చీర మడత మధ్యలోకి దోపుతాం కదా, అలా దోపి చూద్దామనిపించింది. పొరల మధ్య వేలు పెట్టి విడదీసి, కొసని లోపలికి తోసి, రెండు పక్కలా గోటితో నొక్కాను. ముక్కు బయటికి వచ్చి నిలబడింది.

కొంగని అరుగు మీద నిలబెట్టాను.

"వచ్చిందండీ" అంది.

"వచ్చిందమ్మా."

"ఏదీ, మళ్ళీ విప్పండి. నేను చేస్తాను."

విప్పడం నాకు బాగా వచ్చు. అలా పదకొండు కొంగలు చేశాం. నావి ఆరు, ఆమెవి అయిదు. మధ్యలో భోజనం పెట్టింది. పెరుగన్నం, మాగాయ. అవి నాకు ఇష్టమని మీ ఆయాకి ఎవరు చెప్పారో.

ఇక తమరి మీద ఫిర్యాదు. ఏడుగురు ఉద్యోగులున్న ఆఫీసు గుమ్మంలో ఒక్క జత చెప్పులే ఉన్నాయి. "ఇక్కడికి ఎవరొస్తుంటారమ్మా?" అని అడిగాను. "నెలకోసారి కరెంటు రీడింగు అతను వస్తాడండి. గేటు బయట నుంచే చూసుకుని పోతాడు" అంది. నేను రైలు టైమైందని లేస్తే "ఇంకో బండి ఉందండి" అంటుంది. అలా మూడు బళ్ళు పోయాయి. మనిషిని ఒక్కదాన్నే కాపలా పెట్టి తమరంతా క్యాంపులు తిరగడం బాగాలేదు. ఆమె చేతిలో పనితనం ఉంది. ఆమెకి కూడా పాఠాలు చెప్పించండి.

సర్టిఫికెట్ సంగతి మరవద్దు. శనివారం ఇంక రెండు వారాలే ఉంది.

తల కనుక్కున్న విద్యార్థి,
వెంకటస్వామి.

తా.క.: స్వీట్ల డబ్బా ఏడుగురికీ పంచమని ఆయాకి ఇచ్చాను. మీరంతా తినేస్తే ఆమెకి మిగలదని ఆమెకి వేరే పొట్లం కట్టించాను. దాని గురించి ఆమెను అడగవద్దు.

*

బాపట్ల,
ఆగస్టు 22.

వెంకటస్వామి గారికి నాగరత్నం రాస్తున్నది. ఈ ఉత్తరానికి ఇన్‌వర్డ్ నంబరు లేదు.

విభాగాలు లేవండి. డైరెక్టరు లేడు. క్యాంపూ లేదు, సున్నమూ లేదు. ఇంట్లో నేనొక్కదాన్నే.

వేంకటసుబ్రహ్మణ్యం గారని ఒక డ్రాయింగు మాస్టారు మా ముందు గదిలో అద్దెకుండి పోస్టులో పాఠాలు నడిపేవారు. ఆయన పోయి పదిహేడేళ్ళయింది. సామాను కోసం ఎవరూ రాలేదు. పుస్తకాలు, ఉత్తరాల కాగితాలు, రబ్బరు ముద్ర అలాగే ఉన్నాయి.

నేను ఒక కాలేజీ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు ఆయాగా చేశాను. పొద్దున్నే టపా తేవడం, నంబరు వేయడం, ఎవరి బల్ల మీద వాళ్ళవి పెట్టడం. వాటిలో ఒక్కటి కూడా నాకు రాసింది కాదు. మీ కవరు వచ్చినప్పుడు తిప్పి పంపుదామనే అనుకున్నాను. కాని అలవాటుకొద్దీ ముందు నంబరు వేసేశాను. నంబరు పడ్డ కాగితానికి జవాబు వెళ్ళి తీరాలి. మా ఆఫీసులో పద్ధతి అది. జవాబు రాయాలంటే విభాగం ఉండాలి. ఒకటి పెట్టాను. తర్వాత అవే పెరిగాయి.

నాకు మడతలు రావు. మీకు రాసినవన్నీ పుస్తకం చూసి, ముందు నేను చేసి, వస్తే రాశాను. గదిలో పుస్తకాలు వందకి పైన ఉన్నాయి. అన్నీ తిరగేశాను. ఒక్కదాన్లోనూ పద్నాలుగో మెట్టు లేదు. ప్రెస్సువాళ్ళు ఆ పేజీ కుట్టనే లేదు. మాస్టారి పాఠాలు చదివి ఎవరెవరు ఎక్కడెక్కడ కొంగలు చేశారో గాని, ఏ ఊళ్ళోనూ వాటికి తల ఉండి ఉండదు.

మీతో చెప్పిన వాటిలో ఆయానన్న మాట ఒక్కటే నిజం.

సర్టిఫికెట్ పెడుతున్నాను. మాస్టారు సంతకాలు చేసి ఉంచిన ఖాళీవి కట్ట ఉంది. ముద్ర కూడా పడి ఉంది. మీ పేరు రాసుకుంటే చాలు. ఇలాంటి పని చేసినవాళ్ళని ఆఫీసులో చూశాను, పట్టుబడినవాళ్ళనీ చూశాను. పంపకూడదనే అనుకున్నాను. పంపకపోతే మీ శనివారాలు పోతాయి. ఏం చేయాలో మీరే చూసుకోండి.

ఇక మీరు రాయకపోయినా నేనేమీ అనుకోను.

ఎన్. నాగరత్నం.

తా.క.: స్వీట్లు ఏడు రోజులు తిన్నాను, రోజుకో విభాగం చొప్పున. పరీక్షల విభాగం రెండోసారి కూడా తింది.

*

కొలకలూరు,
ఆగస్టు 31.

నాగరత్నం గారికి, వెంకటస్వామి నిన్నటి శనివారం సంగతులు రాస్తున్నాడు.

బడికి వెళ్ళగానే కనకదుర్గ గారు సర్టిఫికెట్ అడిగారు. తీసి బల్ల మీద పెట్టాను.

"పేరు లేదేంటండీ?" అన్నారు.

"నాది కాదండి అది" అన్నాను.

"మరెందుకు తెచ్చారు?"

"గట్టి కాగితం కదా, పిల్లలకి మడవడానికి పనికొస్తుందేమోనని చూశానండి. మరీ దళసరిగా ఉంది. మడిస్తే విరుగుతోంది."

ఆవిడ తల పట్టుకున్నారు. "సర్టిఫికెట్ లేకుండా పైవాళ్ళకి నేనేం చెప్పను బాబాయ్ గారూ? సరే, వచ్చారు కాబట్టి ఈ ఒక్క పీరియడ్ చెప్పి వెళ్ళండి" అన్నారు.

పంతొమ్మిది మంది పిల్లలు. పదమూడో మెట్టు దాకా అందరూ వచ్చారు. అజయ్ బాబు అనేవాడు "తాతా, ఇది బాతు" అన్నాడు. ఆగమన్నాను. తల దగ్గర జాకెట్టు ముక్క సంగతి చెబితే వాళ్ళకేం తెలుస్తుంది? "చొక్కా లాగులోకి దోపుకుంటారు కదా, అలా దోపండి" అన్నాను. పదకొండు మందికి వచ్చింది. ఎనిమిది మందికి రాలేదు.

గంట కొట్టారు. పిల్లలు బయటికి పరిగెత్తారు. బల్లల మీద కొంగలు ఎక్కడివక్కడ ఉన్నాయి. నా చెయ్యి ఊరుకోలేదు. నాలుగింటిని విప్పి, మడత పెట్టి, దొంతర పేర్చేశాను. ఏంజెల్ అనే పిల్ల వెనక్కి వచ్చి చూసి గొల్లుమంది. "మిస్, తాత మన కొంగల్ని చంపేస్తున్నాడు!"

కనకదుర్గ గారు వచ్చారు. "ఏంటండీ ఇది?" అన్నారు. ఇక బయలుదేరదామని సంచి తీసుకున్నాను. ఈలోగా ఆ పిల్ల ఏడుస్తూనే కూర్చుని, గీతల వెంట మడుచుకుంటూ పోయి, నాలుగు కొంగల్నీ తిరిగి నిలబెట్టేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు. తలలు కూడా అదే దోపింది. కనకదుర్గ గారు అది చూస్తూ నిలబడ్డారు. తర్వాత నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు.

"నేర్పే మనిషని నేను రాయలేను" అన్నారు. "విజిటర్ల పుస్తకంలో సంతకం పెట్టి రండి. విజిటరు ప్రతి శనివారం రాకూడదని ఆర్డరు ఎక్కడా లేదు."

పెట్టాను. వచ్చిన పని అన్న చోట 'కాగితం' అని రాశాను.

ఇక మీరు రాసిన విభాగాల సంగతి. నాకు రెండో ఉత్తరానికే తెలుసండి. శిక్షణ విభాగమూ పరిశీలన విభాగమూ 'క్ష'కి ఒకే రకంగా తోక లాగుతున్నారు. ఆరోగ్య విభాగం పెట్టాక ఇక అనుమానమే లేదు. ఏ ఆఫీసూ మనిషి మధ్యాహ్నం తిన్నాడా లేదా అని అడగదు. ఎవరో ఒక్క మనిషే కూర్చుని రాస్తున్నారని తెలిసే, ఎవరో చూద్దామని బాపట్ల వచ్చాను. మీరు ఆయానన్నారు. సరే అన్నాను. షాపులో ఎవరైనా "ఇదే చీర మద్రాసులో సగానికే కొన్నాను" అంటే "అవునమ్మా" అంటాం. కాదంటే లేచి వెళ్ళిపోతారు. డైరెక్టరు గారికి ఫిర్యాదు రాసింది కూడా అందుకే. అప్పటికి మీ పేరు నాకు తెలియదు. అసలు సంగతి తెలిసినట్టు రాస్తే మీరు మళ్ళీ రాయరేమోననిపించింది.

విజిటర్ల పుస్తకంలో 'వెంట వచ్చినవారు' అని ఒక గడి ఉంది. "ఎవరూ లేరుగా, అక్కడ గీత కొట్టేయండి" అన్నారు కనకదుర్గ గారు. పెన్నులో ఇంకు అయిపోయిందండి అని చెప్పి వచ్చేశాను.

వెంకటస్వామి.

తా.క.: తల రాని ఆ ఎనిమిది మందికి నేను ఇంకా ఏమీ చెప్పలేదు. మీకని ఉంచాను.